గంజి పెట్టిన థర్మల్స్

లోదుస్తుల గురించి పైకి చెప్పుకోవడం మర్యాద కాదని మా అమ్మ నేర్పింది. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఆవిడ మాట నిలబెట్టాను. రిటైరయ్యాక, చేసిన తప్పుల్లో ఏది ముందు రాద్దామా అని వెతుక్కుంటే, వరసలో మొదట నిలబడింది ఒక జత లోదుస్తులే. నిలబడింది అని ఊరికే అనడం లేదు. నిజంగానే నిలబడింది. ఎలాగో చెబుతాను. కొత్తగా ఉద్యోగాల్లో చేరి, నలుగురి మీద అజమాయిషీ చెయ్యబోయే పిల్లలు కాస్త ఓపిగ్గా చదవండి.

మన గోదావరి జిల్లాల చలి సంగతి మీకు తెలియంది కాదు. ధనుర్మాసంలో తెల్లవారేసరికి కాలవ మీద కాస్త మంచు తేలితే చాలు, మంకీ క్యాపులు బయటికొస్తాయి. చెవుల్లో దూది పెట్టుకుని, "ఈ ఏడు చలి మరీ ఎక్కువండీ" అని ఒకరికొకరు చెప్పుకుంటాం. ఎనిమిది దాటగానే ఆ క్యాపుతోనే విసురుకుంటాం. ఇలాంటి చోట పుట్టి, ఏడాది పొడుగునా శీతాకాలాన్ని గదిలో పెట్టి కాపలా కాసే ఉద్యోగం చేశాను నేను. కాకినాడ దాటాక ఒక రొయ్యల ప్లాంటులో కోల్డ్ స్టోరేజీ ఇన్‌ఛార్జిని. మా ఆవిడ మాత్రం ఎవరడిగినా, "ఆయన ఫ్రిజ్ దగ్గర పనిచేస్తారండీ" అనేది.

బయట ముప్పై డిగ్రీలు, లోపల మైనస్ ఇరవై. మధ్యలో ఒక బరువైన తలుపు, ఒక ప్లాస్టిక్ తెర. గడ్డకట్టిన రొయ్యల పెట్టెలు లోపల పేర్చడం, కంటైనర్ వచ్చినప్పుడు అందులోకి ఎక్కించడం, ఇదీ పని. ఎనిమిదిమంది లోడింగ్ వాళ్ళు ఉండేవారు. ఇరవై నిమిషాలు లోపల, పది నిమిషాలు బయట టీ, మళ్ళీ లోపల. ఆ ఎనిమిదిమందిలోనే ఒకరు, మిగతావాళ్ళకి పెద్ద, మా మేస్త్రీగారు. పిఠాపురం అవతల పల్లెటూరి నుంచి షేర్ ఆటోలో వచ్చేవారు. పాతికేళ్ళుగా ఆ గదిలోనే పని. సెంటు భూమి లేదు, ఇంటికి ఆ పనొక్కటే ఆధారం. తలుపు తీసేముందు చేతులు రుద్దుకుని, "పదండ్రా, ఊటీ ఎల్లొద్దాం" అనేవారు. పాతికేళ్ళూ అదే మాట. వినేవాళ్ళు పాతికేళ్ళూ నవ్వారు.

లోపలికి వెళ్ళేవాళ్ళకి బూట్లు, గ్లవ్స్, లావుపాటి కోటు, వాటన్నిటికీ అడుగున థర్మల్స్ ఇచ్చేవాళ్ళం. ఒంటిని అంటిపెట్టుకుని ఉండే బనీను, లాగు. లోపలి వైపు మెత్తటి నూగు ఉంటుంది. ఆ నూగులో చిక్కుకున్న గాలే మనిషిని వెచ్చగా ఉంచేది. ఈ సంగతి నాకప్పుడు తెలీదు. మందపాటి బనీను అనే అనుకునేవాణ్ణి. ఇన్‌ఛార్జికి తెలియాల్సినవన్నీ ఇన్‌ఛార్జికి తెలిసి ఉంటే, ఇవాళ మీకు చదవడానికి ఏమీ ఉండేది కాదు.

ఆ థర్మల్స్ ఎవరివి వాళ్ళు ఇంటికి తీసుకెళ్ళి ఉతుక్కునేవారు. ఒకతని ఇల్లాలు ఎర్ర చీరతో కలిపి నానబెట్టింది, బనీను గులాబీ రంగుకి తిరిగింది. ఇంకొకతనిది కంచె మీద ఆరేసి ముళ్ళకి చిరిగింది. చాలావాటికి పసుపు రంగు స్థిరపడిపోయింది. ఒకసారి విదేశీ కొనుగోలుదార్ల తరఫు మనుషులు చూడ్డానికి వచ్చినప్పుడు, లోడింగ్ అతను పెట్టె ఎత్తడానికి వంగేసరికి, కోటు కాలర్ లోంచి పెళ్ళికొడుకు బట్టల్లా పచ్చటి బనీను తొంగిచూసింది. మేనేజర్‌గారు నావైపు చూశారు. ఆ చూపుతో రొయ్యలు గడ్డకట్టేవే.

వారం తిరక్కుండా నేనొక ఏర్పాటు చేశాను. స్టోర్సులో ఉన్న కొత్త జతలన్నీ బయటికి తీయించాను. ఇకమీదట పాతవి తొడుక్కోకూడదు, కొత్త థర్మల్స్ ఎవరూ ఇంటికి తీసుకెళ్ళకూడదు. ఆఫీసర్ల తెల్లకోట్లతో పాటు అవి కూడా లాండ్రీకి వెళతాయి. ఆ లాండ్రీ ఆయన సామర్లకోటలో ఉండేవాడు. చుట్టుపక్కల పెద్ద రైతుల పంచెలూ లాల్చీలూ ఆయన చేతి మీదుగానే వెళ్ళేవి. ఆయన గంజి పెట్టి ఇస్త్రీ చేసిన చొక్కా వేసుకుంటే, కూర్చోవాలన్నా ఒకసారి ఆలోచించుకోవాలి. మన వైపు మర్యాదస్తుడంటే అలాగే ఉండాలి కదా. నడుస్తుంటే చప్పుడు రావాలి.

మూట విప్పి చూసి ఆయన అడిగాడు:

"బాబుగారండీ, ఇయ్యి లోపలేసుకునేయి కదండీ. వీటిక్కూడా గంజేనాండీ?"

"ఏం, లోపల వేసుకునేవాటికి పరువుండదా?"

"ఆయ్, ఉంటాదండి. పరువుకేం గానండీ, వీటికి ఎవరూ పెట్టరండి."

"మన దగ్గర పెడతారు. కోట్లు ఎలా ఉంటాయో ఇవీ అలాగే ఉండాలి. కాస్త నీలిమందు కూడా వెయ్యండి."

"మీరు చెప్పేరు కాబట్టి చేసేత్తానండి" అంటూ తల గోక్కుంటూ వెళ్ళాడు. తన పని తెలిసిన మనిషి తల గోక్కుంటే, అజమాయిషీ చేసేవాడు తన తల వాడాలి. నేను వాడలేదు.

సోమవారం ఉదయం ఉతికి వచ్చిన జతలు బల్లమీద పేర్చి పంచిపెట్టాను. మల్లెపూవుల్లాంటి తెలుపు, కత్తిలాంటి మడతలు. లోడింగ్ వాళ్ళలో నోటిమాటకి పేరుపడ్డ ఒకాయన ఉన్నాడు. తన జతని రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"సారూ, దీన్ని తొడుక్కోవాలాండీ, గోడకి ఆనించాలాండీ?"

అందరూ గొల్లున నవ్వారు. మేస్త్రీగారు మాత్రం కసిరారు.

"నోరుముయ్యరా! సారు మన కోసం ఇంత చేయిత్తే ఎటకారాలేంటి? తొడుక్కో."

మేనేజర్‌గారు ఆ తెల్లటి వరసని చూసి నా భుజం తట్టి, "ఇదయ్యా సిస్టమ్ అంటే" అన్నారు. ఆ సాయంత్రం ఇంటికెళ్ళి అద్దంలో నన్ను నేను కొంచెం ఎక్కువసేపే చూసుకున్నాను.

రెండు వారాలు గడిచేసరికి మేస్త్రీగారిలో తేడా వచ్చింది. ఇరవై నిమిషాలు ఉండాల్సిన మనిషి పది నిమిషాలకే బయటికి వచ్చేస్తున్నారు. వచ్చి, టీ గ్లాసుని రెండు అరచేతుల మధ్య పట్టుకున్నా చేతులు కుదురుగా ఉండడం లేదు. ఒకరోజు పెట్టె జారవిడిచారు. పాతికేళ్ళలో ఆయన చేతిలోంచి పెట్టె జారడం ఎవరూ చూడలేదు. పరుగున వెళ్ళి చూస్తే వేళ్ళ కొసలు పాలిపోయి ఉన్నాయి. మిగిలిన ఏడుగురినీ పిలిచి అడిగాను.

"మీకు కూడా చలి ఎక్కువ అనిపిస్తోందా?"

"లేదండీ, మామూలేనండి" అన్నారు ఏడుగురూ, నేల చూస్తూ.

ఏడుగురికి మామూలుగా ఉండి ఒక్కరికి ఎక్కువగా ఉందంటే, తేడా గదిలో లేదు, మనిషిలో ఉందన్నమాట. ఇంత తార్కికంగా ఆలోచించినందుకు నన్ను నేను మెచ్చుకుని, మేనేజర్‌గారికి కాగితం రాశాను. "వయసు రీత్యా మేస్త్రీ చలిని తట్టుకోలేకపోతున్నారు. ఈ గదిలో పని ఆయనకు మంచిది కాదు." రెండే వాక్యాలు. మంచి చేస్తున్నాననే అనుకున్నాను. మేనేజర్‌గారు చదివి, "నెలాఖరుకి ఆపేద్దాం" అన్నారు. బయట వేరే పనేదైనా ఇద్దామంటే, ఖాళీల్లేవన్నారు.

ఆ మాట మేస్త్రీగారికి నేనే చెప్పాల్సొచ్చింది. టీ వేళ పక్కకి పిలిచి, నాకు చాతనైనంత చుట్టుతిప్పి చెప్పాను. ఆయన గ్లాసు కింద పెట్టారు.

"చలీ నేనూ పాతికేళ్ళ నించీ కలిసే ఉన్నావండీ. ఎప్పుడూ నన్నేం అన్లేదు. ఇప్పుడెందుకిలా పట్టుకుందో నాకే తెలవట్లేదు" అన్నారు. మళ్ళీ తనే, "వచ్చే వారం కంటైనర్ ఉంది కదండీ. అదొక్కటీ నన్ను ఎక్కించనీయండి. అప్పుడూ వణికితే నా అంతట నేనే ఎల్లిపోతాను. మీరు కాయితం రాయక్కర్లేదు" అన్నారు.

కాగితం రాసి మూడు రోజులైందని నేను చెప్పలేదు.

మర్నాడు ఒక సరుకు లెక్క తేలక నేనే స్వయంగా లోపలికి వెళ్ళి పెట్టెలు చూడాల్సొచ్చింది. మామూలుగా నేను లోపల ఉండేది రెండు నిమిషాలు. పైగా నా థర్మల్స్ లాండ్రీకి వెయ్యకుండా ఇంట్లోనే ఉతికించుకునేవాణ్ణి. నియమం పెట్టినవాడు నియమానికి బయట నిలబడడం ఆఫీసుల్లో పాత అలవాటే. ఆ రోజు మంచువల్ల నా జత దండెం మీద ఆరక, ఇంట్లోనే ఉండిపోయింది. బల్లమీది కట్టలోంచి ఒక ఇస్త్రీ జత తీసి తొడుక్కున్నాను. తొడుక్కుంటుంటే అప్పడాలు విరుగుతున్న చప్పుడు.

మొదటి నిమిషం బాగానే ఉంది. రెండో నిమిషంలో వీపు మీద ఎవరో చల్లటి రేకు ఆనించినట్టయింది. బనీను ఒంటిని అంటుకోవడం లేదు. అట్టపెట్టెలో దూరిన మనిషిలా దానికీ నాకూ మధ్య సందు. చెయ్యి ఎత్తితే ఆ సందులోకి చలి, దించితే మళ్ళీ చలి. లోపలి నూగంతా గంజికి అంటుకుపోయి, ఇస్త్రీకి అణిగిపోయి, చెక్కలా తగులుతోంది. దానికి తోడు ఇందాక బయట పట్టిన చెమటని గంజి పీల్చుకుంది, అదిప్పుడు బిగుసుకుంటోంది. ఐదో నిమిషానికి నా పళ్ళు నాతో సంబంధం లేకుండా మాట్లాడుకోవడం మొదలుపెట్టాయి.

పక్కనే ఆ మాటకారి ఆయన చులాగ్గా పెట్టెలు ఎత్తుతున్నాడు.

"ఏమయ్యా, నీకు చలెయ్యట్లేదా?"

"ఎయ్యట్లేదండీ."

"ఈ బనీనుతోనా?"

ఆయన అటూ ఇటూ చూసి, కోటు కాలర్ కొంచెం కిందికి లాగాడు. పైన ఇస్త్రీ బనీను. దాని కింద, పసుపు రంగుకి తిరిగిన ఆయన పాత థర్మల్.

"మీరు కోప్పడనంటే చెప్తానండి. ఇస్త్రీది పైనేసుకుంటన్నావండి, మీరు చూత్తారని. ఎచ్చదనానికి మాత్రం పాతదేనండి."

"అందరూనా?"

"అందరూనండి. మేస్త్రీ బాబాయి తప్ప."

"ఆయనకి చెప్పలేదా?"

"ఎందుకు చెప్పలేదండీ, మొదటి రోజే చెప్పేం. 'సారు ఒకటి చెప్పిన్తరవాత మనం ఇంకోటి చేత్తే ఆయన పరువేం కావాలిరా' అన్నాడండి. పాత జత ఇంటికాడ మడిచి పెట్టేశాడు."

బయటికి వచ్చి బల్ల మీద కూర్చున్నాను. ఏడుగురు నా మాట వినలేదు, వాళ్ళ పనికేం ప్రమాదం రాలేదు. ఒక్కరు విన్నారు, ఆయన మీదే నేను కాగితం రాశాను.

ఆ కాగితం వెనక్కి తీసుకునేదాకా నిద్రపోకూడదనుకున్నాను. తిన్నగా మేనేజర్‌గారి దగ్గరికి వెళ్ళి, జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆయన మొదట నవ్వారు.

"ఏంటయ్యా నువ్వనేది? గంజి వల్ల మేస్త్రీకి వయసొచ్చేసిందని హెడ్డాఫీసుకి రాయమంటావా?"

"రాయండి సార్. గంజి పెట్టించింది నేనని కూడా రాయండి."

"ఇప్పుడు పరువు తక్కువ కాదూ? ఏర్పాటు నీదే, తప్పూ నీదే అంటే!"

"తప్పు మేస్త్రీగారిదని రాసినప్పుడు ఆయన పరువు గురించి మనం అనుకోలేదు కదండీ."

ఆయన పెన్ను మూసి, గోడమీది క్యాలెండర్ చూశారు. "మంగళవారం కంటైనర్ ఉంది. నేనే వచ్చి చూస్తాను. మనిషి నిలబడితే నీ మాట, నిలబడకపోతే నీ కాగితం" అన్నారు.

మంగళవారానికి ఇంకా నాలుగు రోజులుంది. మేస్త్రీగారి పాత జత కనుక్కుంటే, అప్పటికే ఆయన ఇల్లాలు దాన్ని కత్తిరించి మనవడికి పక్కబట్టలు కుట్టేసింది. కొత్త జతలు స్టోర్సులో లేవు, రావాలంటే నెల పడుతుంది. కాబట్టి ఆ గంజి జతనే బతికించాలి. లాండ్రీ ఆయనకి మళ్ళీ ఇవ్వచ్చు. ఇవ్వబుద్ధి కాలేదు. పాడు చేసింది నేను.

ఆదివారం ఉదయం పెరట్లో బకెట్ పెట్టుకుని కూర్చున్నాను. మా ఆవిడ గుమ్మంలో నిలబడి చూసింది.

"ఎవరివండీ అవి?"

"మా మేస్త్రీగారివి."

"మీ బనీను మీరు ఉతుక్కోగా నేనెప్పుడూ చూళ్ళేదు. మేస్త్రీగారిది ఉతుకుతున్నారా!"

కథంతా చెప్పాను. వింటూనే నా చేతిలోని బ్రష్షు లాగేసుకుంది.

"అయితే అలా గీకకండి, ఉన్న నూగు కూడా పోతుంది. ఆ నీళ్ళేంటి, పొగలు కక్కుతున్నాయి? గోరువెచ్చగా ఉంటే చాలు. తిరగేసి నానబెట్టండి. బండకేసి బాదొద్దు, మెలిపెట్టి పిండొద్దు. అరచేత్తో ఒత్తండి, నీళ్ళు వాటంతటవే దిగుతాయి."

"నీకివన్నీ ఎలా తెలుసు?"

"ఫ్రిజ్ దగ్గర పనిచేసే ఆయన బట్టలు ఇన్నేళ్ళూ ఎవరు ఉతికారనుకున్నారు?"

వెచ్చదనం తెలిసిన మనిషి ఇంట్లోనే ఉంటే, నేను సామర్లకోట వెళ్ళి సలహా కూడా కాదు, ఆజ్ఞ ఇచ్చొచ్చాను.

మొదటి బకెట్ నీళ్ళు కుడితి రంగులో దిగాయి. రెండో బకెట్ మజ్జిగ రంగు. ఆరో బకెట్‌కి నీళ్ళు నీళ్ళలా కనపడ్డాయి. నడుం మాత్రం నడుంలా లేదు. అదేమో మంచు రోజులు, ఎండ పదింటిదాకా రాదు, వచ్చినా నేరుగా ఎండలో వెయ్యొద్దంది మా ఆవిడ. నీడన ఆరేశాం. సోమవారం కుర్చీ మీద పరిచి, ఫ్యాన్ కింద పెట్టాం. మధ్యమధ్య నేను వెళ్ళి చెంపకి ఆనించి చూసుకునేవాణ్ణి. మా ఆవిడ, "పసిబిడ్డకి జ్వరం చూసినట్టు చూస్తున్నారు" అంది. సాయంత్రానికి పొడిగా అయింది. వేళ్ళతో దువ్వుతుంటే అణిగిన నూగు కొంచెం కొంచెంగా లేచింది. పూర్తిగా కొత్తదిలా కాలేదు గానీ, ముట్టుకుంటే మెత్తగా ఉంది.

మంగళవారం పొద్దున్న మేస్త్రీగారికి ఆ జత ఇచ్చాను. ఇంటి దగ్గర్నుంచో ఆటోలోనో తొడుక్కుని రావద్దని, తలుపు దగ్గరే తొడుక్కోవాలని, చెమట పట్టిన బట్టతో లోపలికి వెళ్ళకూడదని, మా ఆవిడ దగ్గర నేర్చుకున్నదంతా నాదే అన్నట్టు చెప్పాను. ఆయన బనీను చేత్తో తడిమారు.

"మెత్తగుందేంటండీ ఇయ్యాళ?"

"నేను ఉతికాను మేస్త్రీగారూ. గంజి నా తప్పు. మీ ఒంట్లో ఏ లోపమూ లేదు."

ఆయన బనీను తలకి తొడుక్కున్నారు. మొహం బయటికి వచ్చేసరికి, ఆ బనీను లోపలే కళ్ళు తుడుచుకున్నట్టున్నారు.

కట్టలోంచి ఒక ఇస్త్రీ జత తీసి నేను తొడుక్కున్నాను. మేనేజర్‌గారు చూసి, "నువ్వెందుకయ్యా?" అన్నారు.

"పరీక్ష ఆయనకే ఎందుకండీ, గంజికి కూడా పెడదాం."

కంటైనర్ వెనక్కి వచ్చి తలుపుకి ఆనింది. మేస్త్రీగారు చేతులు రుద్దుకున్నారు. "పదండ్రా, ఊటీ ఎల్లొద్దాం." తెర తొలగింది.

ఐదు నిమిషాలు. ఆయన పెట్టె తర్వాత పెట్టె అందుకుంటున్నారు, చెయ్యి తిప్పడంలో పాత ఊపు ఉంది. నేను కాగితం, పెన్సిల్ పట్టుకుని లెక్క రాస్తున్నట్టు నటిస్తున్నాను. తొమ్మిది నిమిషాలు. నా చేతిలో పెన్సిల్ సొంతంగా బొమ్మలు వేస్తోంది. ఆయన పక్కవాళ్ళని, "ఒరేయ్, వరస చూసుకో, వంకరపోతంది" అని కేకలేస్తున్నారు. పన్నెండో నిమిషానికి నా మోకాళ్ళు ఒకదానికొకటి కబుర్లు చెప్పుకుంటున్నాయి. తెర అవతల నుంచి మేనేజర్‌గారు చేతిగడియారం చూస్తున్నారు. బయటికి వెళ్ళకూడదని పట్టుదలగా నిలబడ్డాను గానీ, పట్టు ఉంది, నిలబడడమే కష్టంగా ఉంది.

మేస్త్రీగారు చేతిలోని పెట్టె దింపి నా దగ్గరికి వచ్చారు. మోచెయ్యి పట్టుకుని మెల్లగా తలుపు వైపు తిప్పారు.

"సారూ, మీరు బైటికెల్లండి. ఈ గదిలో పని మీకు మంచిది కాదు."

నా కాగితంలోని రెండో వాక్యం. దాన్ని ఆయన ఎక్కడైనా చూశారో, ఎవరైనా చదివి వినిపించారో, లేక ఉత్త మంచితనంతో అన్నారో, ఇప్పటికీ నాకు తెలీదు. అడిగే ధైర్యం ఎప్పుడూ రాలేదు.

బయటికొచ్చి రెండు టీలు తాగితే గానీ నోరు పెగల్లేదు. మేస్త్రీగారు ఇరవై నిమిషాలు నిండాకే వచ్చారు. గ్లాసు ఒక్క చేత్తో పట్టుకున్నారు. చెయ్యి కుదురుగా ఉంది. పది నిమిషాలాగి మళ్ళీ వెళ్ళారు. మళ్ళీ వచ్చారు. అలా కంటైనర్ నిండేదాకా. తలుపులు మూసి సీలు వేసినప్పుడు మేనేజర్‌గారు జేబులోంచి నా కాగితం తీసి చించబోయారు.

"చించొద్దు సార్. కింద ఖాళీ ఉంది, ఇలా ఇవ్వండి."

వేళ్ళు ఇంకా వంగడం లేదు. అయినా రాశాను. "మేస్త్రీ పూర్తి ఆరోగ్యంగా ఉన్నారు. థర్మల్స్‌కి గంజి పెట్టించినది నేను. పైన రాసినది పొరపాటు." ఉద్యోగం మొత్తంలో నేను అంత వంకరగా ఎప్పుడూ రాయలేదు. అంత సూటిగానూ రాయలేదు.

ఆ తర్వాత థర్మల్స్ ఉతికే పద్ధతి మా ఆవిడ చెబుతుంటే నేను రాసి, తలుపు పక్కన అంటించాను. కింద సంతకం మాత్రం నాదే. అక్కడ కూడా పూర్తిగా బాగుపడలేదని మీరు గమనించాలి.

మేస్త్రీగారు ఇంకో ఆరేళ్ళు ఆ గదిలో పనిచేసి, తనకిక చాలనిపించినప్పుడు తనంతట తానే మానేశారు. నా రిటైర్మెంట్ రోజున ప్లాంటుకి వచ్చారు. అందరూ శాలువాలు కప్పారు. మండుటెండలో నాలుగు శాలువాలు కప్పుకుని కూర్చున్నాను. ఆయన వంతు వచ్చినప్పుడు కాగితంలో చుట్టిన పొట్లం ఒకటి చేతిలో పెట్టారు. విప్పితే కొత్త థర్మల్స్ జత. కత్తిలాంటి మడతలు, కాస్త నీలిమందు. సామర్లకోట దాకా వెళ్ళి గంజి పెట్టించుకొచ్చారట.

"ఈసారి ఆ లాండ్రీ ఆయన తల గోక్కోలేదండి" అన్నారు మేస్త్రీగారు.

బనీను తీసి బల్లమీద పెట్టాను. ఎవరూ పట్టుకోకుండానే, చేతులు రెండూ చాపుకుని నిటారుగా నిలబడింది. అందరూ పడీ పడీ నవ్వారు. అందరికంటే ఎక్కువ నవ్వింది మేస్త్రీగారే.

ఇప్పుడు ధనుర్మాసంలో కాలవగట్టు మీద నడకకి నా మెత్తటి పాత జత తొడుక్కుని వెళుతున్నాను. తిరిగొచ్చి నేనే ఉతుక్కుంటున్నాను, తిరగేసి, గోరువెచ్చటి నీళ్ళలో, మెలిపెట్టకుండా. మేస్త్రీగారిచ్చిన జత మాత్రం బీరువాలో నిలబడి ఉంది. దుమ్ము పడుతోంది, ఒకసారి జాడించి పెడతానని మా ఆవిడ ఏడాదికోసారి తీస్తుంది. నేను లాక్కుని మళ్ళీ లోపల పెడతాను. అందులోని గంజిని మాత్రం ఎవరినీ వదిలించనివ్వను.